తమ్ముడి బొటనవేలు - అమ్మ కవ్వం

ఈ శీర్షికలో ఎప్పుడూ మీ జబ్బుల గురించే రాస్తూంటాను. ఈసారి మా ఇంటి సంగతి రాస్తున్నాను. ఇందులో తప్పు నాది కూడా ఉంది కాబట్టి చెప్పుకోవటానికి మొదట కాస్త మొహమాటపడిన మాట నిజం. కాని "బొటనవేలు మొదట్లో ఒకటే సలుపు డాక్టరుగారూ, చెంబుడు నీళ్ళు కూడా ఎత్తలేకపోతున్నాను" అంటూ వచ్చిన ఉత్తరాలు నా బల్ల మీద మూడు ఉన్నాయి. వాటికి నేనివ్వవలసిన జవాబు మా తమ్ముడి కథలోనే ఉంది.

మా తమ్ముడు బేస్ గిటారు వాయిస్తాడు. అదే వాడి బతుకుతెరువు. పెళ్ళి రిసెప్షన్లలోనూ, వినాయక చవితి పందిళ్ళలోనూ పాటలు పాడే ట్రూపును మీరందరూ చూసే ఉంటారు. అందులో డ్రమ్స్ పక్కన నాలుగే నాలుగు లావుపాటి తీగలున్న పొడుగు గిటారుతో ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన వంక ఎవరూ చూడరు. ఆ గిటారు తీగ పొడవు ముప్పయినాలుగు అంగుళాలు. అన్నిటికంటె లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. చెవికంటె ముందు గుండెకి తెలుస్తుంది ఆ నాదం. అది ఉన్నంతసేపూ ఎవరూ గమనించరు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టుంటుంది. వాయిద్యం బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది. దాన్ని భుజానికి తగిలించుకుని మూడు నాలుగు గంటలు నిలబడి వాయించాలి. వాడికిప్పుడు యాభై దాటాయి. ఇరవై రెండో ఏట నుంచి చేస్తున్న పని ఇది.

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను చేశాడు.

"అన్నయ్యా, కుడిచేతి బొటనవేలు లాగేస్తోంది. మణికట్టు దగ్గర్నుంచి పైకి పాకుతోంది."

నేను అప్పుడే ఆసుపత్రి కట్టేసి ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చున్నాను. ఏదో నొప్పి మాత్ర పేరు చెప్పి, నాలుగు రోజులు వేసుకోమన్నాను. నాలుగు రోజులు వాయించవద్దని కూడా అన్నాను. మాఘమాసంలో పెళ్ళిళ్ళ వాడికి "నాలుగు రోజులు మానెయ్" అని చెప్పటం సంక్రాంతి ముందు దర్జీకి కుట్టుమిషను ముట్టుకోవద్దని చెప్పటంలాంటిది. ఆ ఆలోచన నాకు తట్టలేదు. మార్చిలో ఇంటికి వచ్చినప్పుడు మళ్ళీ నొప్పి మాట ఎత్తాడు. నేను ఈసారి ఇంకా బాగా మాట్లాడాను: "యాభయ్యేళ్ళు వస్తున్నాయి. ఇంకా ఈ గిటారు ఏమిట్రా? మానెయ్యరాదూ?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. తరవాత రెండు నెలలు నా దగ్గరకి రాలేదు. వాడి ట్రూపులో కీబోర్డు వాయించే కుర్రాడొకడున్నాడట. ఎడమ చేత్తోనే బేస్ కూడా లాగించేస్తాడట. "మీకు బాగా లేకపోతే మానెయ్యండి గురువుగారూ, నేను చూసుకుంటాను" అని వినయంగా అంటున్నాడట. బేస్ గిటారు మనిషి లేకుండా ఒక్క ప్రోగ్రాము గడిచిపోయిందంటే, ఆ మనిషి జీతం మిగులుతుందన్న సంగతి ట్రూపు యజమానికి తెలిసిపోతుంది. ఇదంతా నాకు మరదలు తరవాత చెప్పింది. నాతో చెప్పుకోవటానికి వాడికి అభిమానం అడ్డు వచ్చింది.

మే నెలాఖరులో మరదలే వాణ్ణి వెంటబెట్టుకు వచ్చింది, నొప్పి కోసం కాదు, కడుపులో మంటతో. బి.పి. చూస్తే 164/100. అంతకుముందు మూడేళ్ళుగా మాత్రతో అదుపులో ఉన్న మనిషి. ఏమిటా అని అడిగితే, నేను నాలుగు రోజులకని చెప్పిన డైక్లోఫెనాక్ మాత్రను రోజుకు రెండు చొప్పున రెండు నెలల పైగా మింగుతున్నాడు! మందుల షాపులో అడిగితే ఇచ్చేశారు. ఈ జాతి మాత్రలు నొప్పి తగ్గిస్తాయి, నిజమే. కాని పొట్ట లోపలి పొరను కొరుకుతాయి, ఒంట్లో నీటినీ ఉప్పునీ నిలబెట్టి రక్తపు పోటు పెంచుతాయి, బి.పి. మాత్ర పనిని చెడగొడతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. వెంటనే మాన్పించి రక్తపరీక్ష చేయించాను. అదృష్టం బాగుండి మూత్రపిండాలు క్షేమంగానే ఉన్నాయి. మీ ఇళ్ళల్లో నొప్పి మాత్రల అట్ట ఒకటి అలమారులో శాశ్వతంగా కాపురముంటే, దయచేసి ఇవాళే దాన్ని ఒకసారి బయటకి తీసి చూడండి.

అప్పుడు గాని నేను ఆ చెయ్యి పట్టుకుని సరిగా చూడలేదు.

బొటనవేలి మొదలు దగ్గర, మణికట్టు పక్కన ఒక ఎముక బొడిపెలా తగులుతుంది. దాని మీదుగా రెండు టెండాన్లు బొటనవేలికి వెళతాయి. మనవాళ్ళు నరాలు అంటారు గాని ఇవి నరాలు కావు. కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు. ఆ రెండు తాళ్ళూ బొడిపె మీద ఒక ఇరుకు గొట్టంలోంచి జారుతూ ఉంటాయి. చేసిందే చేస్తూ, అదీ బలంగా చేస్తూ ఉంటే గొట్టం గోడలు మందమెక్కుతాయి. దారి ఇరుకైపోతుంది. తాడు జారినప్పుడల్లా ఒరుసుకుంటుంది. ఫ్రిట్జ్ ద కెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జను 1895లో దీన్ని వర్ణించాడు. అందుకని ఈ జబ్బుకి ఆయన పేరే ఉంది. దీన్ని పోల్చుకోవటానికి మేము చేసే పరీక్ష తేలిక. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించమంటాం. ఆ పిడికిలిని మెల్లిగా చిటికెనవేలి వైపుకి వంచుతాం. మా తమ్ముడు "అబ్బా" అని చెయ్యి లాగేసుకున్నాడు.

ఇంతవరకూ ఏ డాక్టరైనా చేసేదే. అయితే ఆ వారం గుంటూరులో వాడికి ఒక రిసెప్షను ఉంది. మాట ఇచ్చేశాడు, తప్పదన్నాడు. నేను కూడా వస్తానన్నాను. ఇరవై ఏడేళ్ళలో వాడి ప్రోగ్రాముకి భోజనానికి కాకుండా వాణ్ణి చూడటానికి వెళ్ళటం అదే మొదటిసారి అని చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది.

స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ వదిలేసి వాడి కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. బేస్ గిటారును చూపుడువేలు, మధ్యవేలు మార్చిమార్చి మీటుతూ వాయిస్తారు. బొటనవేలికి మీటే పని లేదు. చేతికి ఆసరాగా ఎక్కడో ఒకచోట ఆనించాలి, అంతే. వాడి గిటారులో తీగల కింద రెండు పికప్పులున్నాయి. తీగ కదలికను పట్టి యాంప్లిఫయరుకి పంపే నల్లటి దిమ్మలవి. వాడు బొటనవేలిని వెనకవైపు దిమ్మ మూల మీద ఆనించి, అక్కణ్ణుంచే సన్న తీగల దాకా చెయ్యి చాపుతున్నాడు. మోచెయ్యి వెనక్కి పోయింది. బొటనవేలు ఉన్నచోటే బిగుసుకుపోయింది. మిగిలిన చెయ్యి చిటికెనవేలి వైపుకి ఒరిగింది. నాకు ఒళ్ళు జలదరించింది. నా ఆసుపత్రిలో నొప్పి తెప్పించటానికి ఒక్క క్షణం చేసిన పరీక్షనే వాడు పాట పాటకీ, మూడున్నర గంటలసేపు చేసుకుంటున్నాడు!

ఇంకో సంగతి కూడా కనిపించింది. వాడి చిన్న యాంప్లిఫయరు నేలమీద, వాడి పిక్కల వెనకాల ఉంది. శబ్దమంతా కాళ్ళకి పోతోంది. డ్రమ్స్ హోరులో తను వాయించేది తనకే వినపడక ఇంకా గట్టిగా మీటుతున్నాడు. వేళ్ళు ఎంత గట్టిగా లాగితే, చెయ్యి కదలకుండా బొటనవేలు అంత గట్టిగా నొక్కి పట్టుకోవాలి. పైగా గిటారు బెల్టు కుర్రకారులాగా తొడల దాకా జార్చి కట్టుకున్నాడు. దాంతో మణికట్టు కొక్కెంలా వంగిపోయింది.

దారిలో అడిగాను, "ఆ బొటనవేలు ఆనించుకోవటానికి సరయిన చోటే లేదా?" అని. "థంబ్ రెస్ట్ అని ఒకటుంటుంది అన్నయ్యా. పాత గిటార్లకి కంపెనీవాళ్ళే పెట్టేవారు. నాదానికి లేదు" అన్నాడు.

తరవాత చదివితే తమాషాగా అనిపించింది. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటారు తెచ్చాడు. మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే బేస్ వాయిద్యానికి బదులు మెడకి తగిలించుకునే బేస్ గిటారును జనంలోకి తెచ్చిన ఘనత ఆయనది. ఆయనకి గిటారు వాయించటం రాదు. వాయించేవాళ్ళు బొటనవేలితో మీటుతారని అనుకుని, మిగిలిన వేళ్ళు పట్టుకోవటానికి సన్న తీగకు కింది వైపున ఒక చిన్న కడ్డీ బిగించాడు. జనం ఏం చేశారంటే, చూపుడువేలితో, మధ్యవేలితో మీటటం మొదలుపెట్టారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ అయితే ఒక్క చూపుడువేలితోనే మీటుతూ మిగిలిన వేళ్ళను పికప్పు మీది లోహపు మూతకి ఆనించేవాడు. కింద ఉన్న కడ్డీ ఎవరికీ పనికిరాలేదు. కంపెనీవారు దాన్ని పైకి, బొటనవేలి వైపుకి మార్చేసరికి 1974 వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది! అది చదివాక మా తమ్ముడి విషయంలో నా ఆలస్యం కాస్త తక్కువగా కనిపించింది.

2023లో ఆషాఢం జూన్ మూడో వారంలో వచ్చింది. దాని వెంటనే అధిక శ్రావణం. అంటే ఆగస్టు మధ్య దాకా పెళ్ళి ముహూర్తాలు లేవు. ట్రూపుల వాళ్ళందరూ పంచాంగాన్ని తిట్టుకుంటున్నారు. నేను మాత్రం దణ్ణం పెట్టుకున్నాను. ఎముకల డాక్టరైన నా మిత్రుడు ఆ గొట్టంలోకి ఒకే ఒక్క స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చాడు. దీనితో చాలామందికి గుణం కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవాళ్ళకి మాత్రం కొద్ది రోజులు చక్కెర పెరుగుతుంది కనుక ముందే చెప్పాలి. బొటనవేలూ మణికట్టూ కదలకుండా పట్టి ఉంచే పట్టీ నాలుగు వారాలు కట్టించాం. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పూటకి పది నిమిషాలు. మాత్రలు లేవు.

ఆ ఖాళీలో మేమిద్దరం వడ్రంగం మొదలుపెట్టాం.

మొదటి పని, ఎక్కడ పెట్టాలో కనుక్కోవటం. ముందు గిటారు బెల్టును పది సెంటీమీటర్లు పైకి లాగించాను. "స్టేజీ మీద బడిపిల్లాడిలా ఉంటానేమో" అని గొణిగాడు. కళ్ళు మూసుకుని, భుజం వదులు చేసి, చేతిని దాని మానాన దాన్ని తీగల మీద వాలనిమ్మన్నాను. పట్టీ విప్పి మెల్లిగా అయిదుసార్లు చేశాడు. మీటేది ఏమీ లేదు, వాలటమే. అయిదింట్లో నాలుగుసార్లు బొటనవేలు రెండు పికప్పుల మధ్యన, వెనకదానికి సుమారు అయిదు సెంటీమీటర్ల ఇవతల పడింది. మణికట్టు దానంతటదే తిన్నగా ఉంది. ఇరవై ఏడేళ్ళు ఆ చెయ్యి అక్కడికే పోదామనుకుంటోంది. వీడే దాన్ని వెనక్కి లాగుతున్నాడు.

ఆ చోట కాగితపు టేపు అంటించి గుర్తు పెట్టాం. చెక్క జోలికి వెళ్ళకుండా, వాడి కూతురి పెన్సిలు డబ్బాలోంచి ఒక రబ్బరు తీసుకుని, రెండువైపులా అంటుకునే టేపుతో ఆ కాగితం మీద నిలబెట్టాం. ఈ ఉపాయం నాది కాదు, ఆ పిల్లదే. కొలత కుదిరేదాకా రబ్బరునైతే బ్లేడుతో చెక్కుకోవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. రబ్బరును ప్లాస్టిక్ డబ్బాలో నెలల తరబడి వదిలేస్తే డబ్బాకి కరిగి అతుక్కుపోవటం మీరు చూసే ఉంటారు. గిటారు మెరుగుకి కూడా అదే గతి పట్టవచ్చు. అందుకని కింద కాగితపు టేపు ఉండాలి, వారంలో తీసేయాలి.

ఎత్తు దగ్గర బాగా కష్టపడ్డాం. మొదట పద్ధెనిమిది మిల్లీమీటర్లు ఉంచితే బొటనవేలు మేడెక్కినట్టు విడిపోయి మొదట్లో లాగింది. పన్నెండుకి తగ్గిస్తే మణికట్టు మళ్ళీ వంగింది. పద్నాలుగు దగ్గర చెయ్యి "ఇక చాలు" అన్నట్టు నిలబడింది. ఇది వాడి గిటారుకి, వాడి చేతికి కుదిరిన లెక్క. మీ చేతికి వేరే ఉంటుంది. తీగకి మరీ దగ్గరగా పెడితే, లావు తీగ ఊగినప్పుడు గోటికి తగిలి బుర్రుమంది. పన్నెండు మిల్లీమీటర్లు జరిపాక మాట్లాడలేదు.

ఇక చెక్క. వడ్రంగి దగ్గర టేకు ముక్క తెద్దామనుకుంటూ ఉండగా అమ్మ వంటింట్లోంచి పాత కవ్వం పట్టుకొచ్చింది. మిక్సీ వచ్చాక అటక మీద పడి ఉన్నది. తాడు తిరిగి తిరిగి కర్ర అద్దంలా నునుపెక్కింది.

"అది వద్దమ్మా, మీ అత్తగారిది కదా" అన్నాడు తమ్ముడు.

"మా అత్తగారు వెన్న చిలికింది మీ నాన్న కోసం. నువ్వు ఆయన కొడుకువి కావుట్రా?" అంది అమ్మ. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఆ తరవాత ఇంక ఎవరం మాట్లాడతాం!

కర్ర మందం ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఇక్కడొక చిన్న కిటుకుంది. ముందే ముక్క కోసేస్తే చిన్నదాన్ని పట్టుకుని చిత్రిక పట్టటం కష్టం, వేళ్ళకి ప్రమాదం. కర్ర మొత్తానికి ఒక పక్క చిత్రిక పట్టించి, పద్నాలుగు మిల్లీమీటర్లు మిగలనిచ్చి, ఆ తరవాత ఎనిమిది సెంటీమీటర్లు కోయించాం. కింద చదును, పైన సహజమైన గుండ్రం. కోసిన అంచుల్ని 120 నంబరు గరుకు కాగితంతో, ఆ తరవాత 400 నంబరుతో మా తమ్ముడి కూతురు రుద్దింది. మొనదేలిన అంచు ఒక్కటి మిగిలినా గంటలో బొటనవేలికి కాయ కాస్తుంది. నూనె పూయలేదు; నూనె తగిలిన చెక్కకి టేపు అంటదు. తీగలకి సమాంతరంగా, ప్లాస్టిక్ పలక అంచు మీద పడకుండా చూసి, రెండు వైపులా అంటుకునే నురుగు టేపుతో అంటించాం. మర మేకులు కొట్టవద్దని నేనే పట్టుబట్టాను. చోటు మార్చవలసివస్తే గిటారుకి బొక్క మిగులుతుంది. టేపయితే కాస్త వేడిగాలి తగిలించి, దారంతో కోసినట్టు లాగితే ఊడివస్తుంది.

అంటించగానే పని అయిపోలేదు. వాడు కొత్త కర్రని కూడా పాత అలవాటు చొప్పున నొక్కుతున్నాడు. పేరులోనే విశ్రాంతి ఉంది గాని వేలికి ఆ సంగతి తెలియదు! వాయిస్తూండగా నేను హఠాత్తుగా చిటికెనవేలితో వాడి బొటనవేలిని పైకి లేపేవాణ్ణి. తేలిగ్గా లేచిందా సరే, లేవకపోతే ఆపి మళ్ళీ మొదటినుంచి. సన్న తీగల మీదికి వెళ్ళినప్పుడు బొటనవేలు కర్ర మీద ఉండిపోకుండా, దిగి లావు తీగ మీద వాలాలి. అప్పుడు చెయ్యి చాచే పని ఉండదు, ఊరికే మోగే ఆ తీగ నోరూ మూతపడుతుంది. ఇది వాడికి అబ్బటానికి మూడు వారాలు పట్టింది. పట్టీ తీశాక రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు నొప్పి లేకపోతేనే అయిదు నిమిషాలు పెంచుకుంటూ పోయాం.

నిజ శ్రావణంలో, ఆగస్టు చివర తెనాలిలో మొదటి ప్రోగ్రాము. యాంప్లిఫయరును ఒక కుర్చీ మీదకి ఎక్కించి చెవి వైపుకి తిప్పాం. నలభై నిమిషాలకొకసారి పది నిమిషాలు విరామం ఇవ్వటానికి ట్రూపు యజమాని ఒప్పుకున్నాడు. రెండున్నర గంటలు వాయించాడు. రాత్రి కాస్త సలిపింది, తెల్లారేసరికి లేదు. కీబోర్డు కుర్రాడు రెండు చేతులతోనూ కీబోర్డే వాయించుకున్నాడు.

పూర్తిగా నయమైందని రాస్తే అబద్ధమవుతుంది. 2024లో ఒకసారి తిరగబెట్టింది. గిటారు వల్ల కాదు, స్పీకరు పెట్టెల్ని బొటనవేళ్ళతో పట్టి వ్యానులోకి ఎత్తినందువల్ల. రెండు వారాలు పట్టీ కడితే సర్దుకుంది.

ఇప్పుడు ఉత్తరాలు రాసిన మీ ముగ్గురికీ. ఒకరు నాలుగు నెలల పసిబిడ్డ తల్లి. అమ్మా, మీకు ఈ జబ్బు రావటంలో వింతలేదు. బాలింతల్లో ఇది తరచు చూస్తాం. బిడ్డను ఎత్తేటప్పుడు బొటనవేళ్ళు చాచి చంకల కింద పెట్టి ఎత్తుతున్నారు కదూ? రెండు అరచేతులూ వీపు కిందికి, పిరుదుల కిందికి పోనిచ్చి, బొటనవేలిని మిగతా వేళ్ళతో కలిపి ఉంచి ఎత్తండి. రెండోవారు తడి దుప్పట్లు చేత్తో పిండుతానని రాశారు. పంపు గొట్టానికి చుట్టి ఒక వైపునుంచే మెలిపెట్టండి, లేదా ఆ పని మగవారికి అప్పగించండి. మూడోవారు ఒక చేత్తో ఫోను పట్టుకుని అదే బొటనవేలితో గంటల తరబడి తోస్తూ ఉంటారని వారి అబ్బాయి రాశాడు. ఫోను బల్ల మీద పెట్టి చూపుడువేలు వాడమని చెప్పు నాయనా.

ముగ్గురూ దగ్గరలోని డాక్టరుకి ఒకసారి చెయ్యి చూపించండి. ఏం పని చేస్తూంటే నొప్పి వస్తుందో ఆయనకి మాటలతో చెప్పి ఊరుకోక, చేసి చూపించండి. పడ్డ తరవాత మొదలైన నొప్పి, బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ రాత్రిళ్ళు తిమ్మిరెక్కటం, వాపుతో పాటు ఎరుపూ జ్వరమూ ఉండటం - ఇవి వేరే జబ్బులు. వీటికి పట్టీ కట్టుకుని కూర్చోకూడదు, ఆలస్యం చెయ్యకుండా వెళ్ళాలి.

చిత్రిక పట్టిన కవ్వం కర్ర ఇంకా అడుగు పైన మిగిలి ఉంది. తెనాలి ప్రోగ్రాము చూసి ఇంకో ట్రూపులో బేస్ వాయించే ఆయన తనకీ ఒకటి కావాలని కబురు పెట్టాడు. అమ్మ ఇమ్మంది. కొలతలు తీసుకోవటానికి గిటారుతో సహా వచ్చే ఆదివారం రమ్మన్నాం.